గోగులపాలెం నేల రాసిన పరీక్ష

గోగులపాలెం, పొదిలి తాలూకా
3-4-83

ఒరేయ్ తమ్ముడూ ప్రేమదాసూ,

అక్క రెబ్కా రాసేది. ఎండలు తప్ప ఇక్కడ అందరం కులాసా. నువ్వు అన్నం వేళకి తింటున్నావని నమ్ముతూ అసలు సంగతికి వస్తున్నాను.

మిషను ఆఫీసు వాళ్లు మన పాలేనికి పక్కా బడి కడతామన్నారని పోయినసారి రాశాను కదా. వారంలో బడి, ఆదివారం ఆరాధన. ఇప్పుడు ఒక మెలిక పెట్టారు. ముందు నేలను పరీక్ష చేయిస్తారట. మన నల్లరేగడి బాగుందని తేలితే పాలెంలోనే కడతారు. బాగాలేదంటే వాగవతల, రోడ్డు పక్కన గట్టి ఎర్ర గరపనేలలో కడతారు. ఆ పరీక్ష చేసేది గుంటూరులో మీ లేబరేటరీయేనట! ఈ మాట విన్నప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు.

వాగవతల కడితే ఏమవుతుందో నీకు చెప్పనక్కర్లేదు. వాన పడిన రోజున ఒక్క పిల్ల కూడా రాదు. రెండు వానలు చూసి ముందు ఆడపిల్లల్ని మాన్పించేస్తారు. ఆ ఆడపిల్లల్ని బళ్లో కూర్చోబెట్టడానికి నేను గుమ్మం గుమ్మం తిరిగి ఎన్ని మాటలు పడ్డానో నాకే తెలుసు.

ఇప్పుడు బడి యలమందయ్యగారు పొగాకు కాల్చిన పాత బ్యారన్‌లో నడుస్తోంది. ఆయన పొగాకు మానేసి మిరపకి మారాక ఖాళీగా ఉంటే ఇచ్చాడు, పుణ్యాత్ముడు. సాయంత్రం పిల్లలు ఇంటికెళ్తే పొగాకు వాసన కోసం తాతలు దగ్గరకు పిలిచి వాళ్ల తలలు వాసన చూస్తున్నారట. గోడ బీట ఎంత పెద్దదైందంటే, మొన్న హాజరు పిలుస్తుంటే అందులోంచి మేకొకటి తల దూర్చి పలికింది. నేను అలవాటు కొద్దీ ప్రెజెంటు వేసేశాను. నవ్వకు. పాఠం చెప్పేటప్పుడు నాకు ఒక కన్ను పిల్లల మీద ఉంటే రెండోది ఆ గోడ మీదే ఉంటుంది.

సంఘపెద్ద యేసుపాదం మామ మాత్రం ధైర్యంగా ఉన్నాడు. "మన ప్రేమదాసే కదంటమ్మా పేపరు దిద్దేది, ఇంకా భయమేంది? ఏమడుగుతారో తెలుసుకో చాలు" అంటున్నాడు. సిగ్గు విడిచి నేనూ అదే అడుగుతున్నాను. నేల ఏం చేస్తే పాసవుతుందిరా?

మీ అక్క
రెబ్కా

గుంటూరు
10-4-83

ప్రియమైన అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం లేబరేటరీ అడ్రసుకు రాశావు. అది మా ఇంజనీరుగారి బల్ల మీదికి పోయి, అక్కడినుంచి నా చేతికొచ్చింది. ఆయన అంతా చదివారు. మేక గురించి మాత్రం అడిగారు.

అక్కా, నేలకు పాసూ ఫెయిలూ ఉండవు. నేల తన స్వభావం తాను చెబుతుంది, మేం రాసుకుంటాం. నేను పేపరు దిద్దేవాణ్ణి కాను. మట్టిని ఆరబెట్టి, తూచి, జల్లించి, నీళ్లలో నానబెట్టి, నొక్కి చూసేవాణ్ణి. ఇందులో తమ్ముడు, అక్క అనేవి లేవు.

మీరు చేయవలసింది ఇదీ. బడి కట్టే చోట భుజం లోతు గొయ్యి తీయించు. అడుగునుంచి మట్టిని పెళ్ల పెళ్లగా, చిదపకుండా కోసి, డబ్బాలో పెట్టి, తడి ఆరిపోకుండా మూతకి మైనం పొయ్యి. బస్సులో ఎవరిచేతైనా పంపు. నేలకి ఎవ్వరూ ఎటువంటి సాయమూ చేయకూడదు. యేసుపాదం మామకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

నీ తమ్ముడు
ప్రేమదాసు

గోగులపాలెం
24-4-83

తమ్ముడికి,

మట్టి డబ్బా యేసుపాదం మామచేత పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే కోశాం. చూస్తే నీకే తెలుస్తుంది, మన నేల ఎంత గట్టిదో. ఇన్నాళ్లూ మనమే దాన్ని తక్కువగా చూశాం.

పక్క డబ్బాలో పండుమిరపకాయ పచ్చడి ఉంది. రెండు డబ్బాలూ ఒకలాగే ఉంటాయి, చూసి తెరువు.

రెబ్కా

గుంటూరు
2-5-83

అక్కా,

ముందు పచ్చడి డబ్బానే తెరిచాం. మా ఇంజనీరుగారు మైనం తీసి మూత ఎత్తి, వేలితో కొంచెం తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. మట్టిని ముందు అలాగే చూస్తారు. తరవాత అదే వేలితో కన్ను నలుపుకున్నారు. ఆయన సాయంత్రం దాకా ఆఫీసులోకి రాలేదు.

ఇక రెండో డబ్బా. అక్కా, గోగులపాలెంలో పుట్టినవాణ్ణి నేను. ఆ నల్లమట్టిలో బొమ్మలు చేసుకుని ఆడుకున్నవాణ్ణి. నువ్వు పంపింది ఎర్రటి గరప, అందులో చీమకుర్తి క్వారీ కంకర. ఒక రాయికి ఒక పక్క అద్దంలా పాలిషు కూడా ఉంది! నేల లోపల పాలిషు ఎవరు పట్టారక్కా? ఇంజనీరుగారు ఎర్రటి కళ్లతో ఆ రాయిని తిప్పి తిప్పి చూసి, "ప్రేమదాసూ, ఈ నేల మీద అయిదంతస్తుల మేడ కట్టొచ్చు. మీ ఊళ్లో ఇది ఎవరి ఇంట్లో ఉంది?" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంక డబ్బాలను నమ్మేది లేదట. నేల మీదే నేరుగా పరీక్ష చేస్తారు. గోతిలో ఒక ఇనపపలక పెట్టి, దాని మీద చిన్న దిమ్మ నిలబెట్టి, ఆ దిమ్మ మీద తాటి దుంగలతో మంచె కడతారు. మంచె మీద బరువు పేర్చుకుంటూ పోతారు. పలక ఎంత దిగిందో గడియారంలాంటి ఒక సాధనంలో ముల్లు చూపిస్తుంది. బరువుకు ఇసుక బస్తాలు సిద్ధం చేయించు. నన్ను ఆ ఊరికి పంపరట, బంధుత్వం అడ్డొచ్చింది. మా ఫీల్డు అసిస్టెంటు బాజీ వస్తాడు. నిక్కచ్చి మనిషి. అతనికి పచ్చడి పెట్టొద్దు.

ప్రేమదాసు

గోగులపాలెం
19-5-83

ఒరేయ్ తమ్ముడూ,

మట్టి సంగతి వదిలెయ్. మార్చింది నేనే, యేసుపాదం మామని అనకు. ఆయన పాపం డబ్బా మోశాడంతే. నాకు బడి కావాలి.

ఇప్పుడు శుభవార్త విను. నేల పాసైంది!

మీ బాజీ ఇనపపలకా, ముల్లు గడియారమూ పట్టుకుని వచ్చాడు. గొయ్యి తీశాం, మంచె కట్టాం. ఇసుక వాగులో కావలసినంత ఉంది గానీ, ఈ మిరప రోజుల్లో ఊరంతా వెతికినా ఖాళీ గోతం ఒక్కటి దొరకదని నీకు మాత్రం తెలియదా? యలమందయ్యగారు ఉదారంగా మిరప బస్తాలే పేర్చమన్నాడు. సగం పేర్చాక మధ్యాహ్నం బస్సులో కబురొచ్చింది, గుంటూరు యార్డులో రేటు లేచిందని. ఆయన బాజీ చూస్తుండగానే బస్తాలన్నీ దింపించి లారీ ఎక్కించాడు. "పరీక్ష రేపైనా చేసుకోవచ్చు బాబూ, రేటు రేపుండదు" అన్నాడు. అదీ నిజమే మరి.

బాజీ తల పట్టుకుని కూర్చుంటే యేసుపాదం మామ అన్నాడు: "బస్తాలెందుకయ్యా, మేం లేమా?"

మర్నాడు పొద్దున యలమందయ్యగారి కాటా మీద ఒక్కొక్కరినీ తూచి, బాజీ రాసుకుని, మంచె ఎక్కించాడు. అంతకుముందు రాత్రి నుంచీ పాలెం మొత్తం ఉపవాసం చేసింది. ఎవరికి తోచిందో తెలియదు గానీ, మనం తేలికైతే నేలకి సులువవుతుంది కదా అని. బస్తాల మీద నీళ్లు చల్లి బరువు పెంచడం తెలిసిన మనుషులు, కాటా మీద తక్కువ తూగాలని చెవిపోగులు కూడా తీసేసి ఎక్కారు. ఒకాయన ఊపిరి బిగబట్టి నుంచున్నాడు.

ప్రేమమ్మను మాత్రం రానివ్వలేదు. మిరపకాయ తొడిమలు తీసే ముఠాకి పెద్ద ఆవిడ, నీకు తెలుసు కదా ఆవిడ ఒళ్లు. ఆవిడనీ, ఆవిడ ముఠానీ యేసుపాదం మామ మంచె దాపులకి కూడా రావద్దన్నాడు. "నన్ను మొయ్యలేని నేల మీద బడేంది, గుడేంది?" అని తిట్టుకుంటూ వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆయనతో మాటల్లేవు.

మంచె మీద అందరం సర్దుకుని కూర్చున్నాం. బాజీ కదలొద్దన్నాడు. ఎవరో పాట అందుకుంటే తాళం వేయొద్దని చేతులు పట్టుకుని బతిమాలాడు. ఎండ నెత్తిన మాడిపోతున్నా ఒక్కరం దిగలేదు. ఇంతా చేస్తే ముల్లు కదిలిందా? వెంట్రుకవాసి కదిలి ఆగిపోయింది. నల్లరేగడి బండలా నిలబడింది. ఊరంతా ఈలలు. ఉపవాసం విడిచి బాజీకి కోడి కోశాం. పచ్చడి కూడా తనే అడిగి వేయించుకున్నాడు.

ఇంక రిపోర్టు రాయించు.

రెబ్కా

గుంటూరు
30-5-83

ప్రియమైన అక్కకు,

మీరు తేలికైతే బాజీ ఇంకో నలుగురిని ఎక్కించి లెక్క సరిచేస్తాడు. ఉపవాసంవల్ల నేలకి ఒరిగిందేమీ లేదు. ఇది ముందు చెప్పాలి కాబట్టి చెప్పాను.

రెండోది చెప్పడానికి నాలుగు కాగితాలు చింపాను. అక్కా, మే నెలలో నల్లరేగడి ఏనుగునైనా మోస్తుంది. నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయే రోజుల్లో అది మట్టి కాదు, ఇటుక. నీళ్లు తాగాక ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. వానల్లో మళ్లీ బాజీ వస్తాడు. ఈలోగా పాసైందని రిపోర్టు రాయమని నువ్వు అడగకు, నేను రాయలేను.

మన చిన్నప్పటి బడి గోడ పడిన రోజు నీకు గుర్తుందా? ఆదివారం కాబట్టి సరిపోయింది. సోమవారం పొద్దున మనం వెళ్లేసరికి నేను రోజూ కూర్చునే చోట ఇటుకల గుట్ట ఉంది. నువ్వు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావంటే సాయంత్రం దాకా నొప్పి పోలేదు. ఆ గోడ ఎందుకు పడిందని ఊళ్లో అందరినీ అడిగాను. ఒకరు వానన్నారు, ఒకరు మేస్త్రీ అన్నారు, ఒకరు పాపం అన్నారు. నేల అని ఎవరూ అనలేదు. నేను మట్టి తూచే ఉద్యోగంలో చేరింది జీతానికి కాదక్కా. నీ ఆడపిల్లల మీద గోడ పడితే ఆ సంతకం నాదవుతుంది. అది నావల్ల కాదు.

నీ తమ్ముడు
ప్రేమదాసు

గోగులపాలెం
8-6-83

గౌరవనీయులైన సాయిల్ టెస్టింగ్ అసిస్టెంటుగారికి,

మీ ఉత్తరం చేరింది. వానలు ఎప్పుడు పడతాయో, నేల ఎప్పుడు నీళ్లు తాగుతుందో, మీరు ఎప్పుడు రాస్తారో చూస్తూ కూర్చుంటాం. ఈలోగా మిషను ఆఫీసువారు గరపనేలలో సున్నంతో గీతలు గీసి పోయారు. యేసుపాదంగారు వెళ్లి కాలితో చెరిపి వచ్చారు. వారు మళ్లీ గీస్తారు.

గోడ పడితే సంతకం మీదన్నారు. వాగు దాటలేక బడి మానేసిన పిల్లకి సంతకం ఎవరిది? ఆ ముక్క మీ సాధనంలో ఏ ముల్లు చూపిస్తుందో తెలియజేయగలరు.

ఇట్లు
ఎం. రెబ్కా, ఉపాధ్యాయిని

గోగులపాలెం
17-9-83

ప్రేమదాసూ,

మూడు నెలలు నీకు రాయకుండా ఉందామనే అనుకున్నాను, ఉన్నాను కూడా. కానీ మొన్న జరిగింది ఎవరితోనైనా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. ఇక్కడున్న వాళ్లంతా చూసినవాళ్లేనాయె.

బాజీ వచ్చిన రోజున వాగు నిండా పారుతోంది. బస్సు అతన్ని రోడ్డు మీద దింపేసి పోయింది. ముల్లు గడియారాన్ని తువ్వాలులో చుట్టి నెత్తిన పెట్టుకుని, గొంతు లోతు నీళ్లలో తాడు పట్టుకుని, అన్ని దేవుళ్ల పేర్లూ చెబుతూ ఇవతలికొచ్చాడు. "టీచరమ్మా, పిల్లలు ఇది దాటాలంటారా?" అని అడిగాడు. నేను అతనికి పొడి తువ్వాలు అందించాను.

గొయ్యి నిండా నీళ్లు. ఇప్పుడు గోతాలు ఖాళీగా బోలెడున్నాయి గానీ ఇసుకంతా వాగు కింద ఉంది. కనక మంచె మళ్లీ కట్టి మేమే ఎక్కాం. ఈసారీ ఉపవాసమే, ఈసారీ ప్రేమమ్మ ముఠాను రావద్దన్నారు. బాజీ మొదటి విడతగా కొద్దిమందిని ఎక్కించి, "ఇప్పుడు పలక దిగుతుంది, దిగినా భయపడకండి" అని ముల్లు ముందు కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కాసేపటికి ముల్లుని వేలితో తట్టాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ తట్టాడు. "దిగిందా బాబూ?" అని యేసుపాదం మామ పైనుంచి అడిగితే బాజీ వేలితో ముల్లు చూపించాడు. ముల్లు వెనక్కి నడుస్తోందిరా! పలక దిగడం లేదు, లేస్తోంది. మనుషులతో సహా మంచె మొత్తాన్నీ నేల మెల్లగా పైకి ఎత్తుతోంది!

యేసుపాదం మామ రెండు చేతులూ ఆకాశంవైపు ఎత్తాడు. "మోసే నేలను చూశాం గానీ ఎత్తే నేలను ఎక్కడన్నా చూశామంటయ్యా? ఫస్టుక్లాసు!" అన్నాడు. అందరూ కూర్చునే పాట మొదలెట్టారు. సాయంత్రానికి అగ్గిపుల్ల మందం లేచాం. అంత లేస్తే అక్కడ ఎవరికీ తెలియదు, కానీ ముల్లు చెప్పింది కనక అందరికీ కళ్లు తిరిగాయి. ఒక ముసలాయన ఇంకా పైకి పోయేలోగా ఇంటికి చెప్పి రమ్మని మనవణ్ణి తరిమాడు.

బాజీ మాత్రం తెల్లబోయి, "ఆపాలి, ఎంత బరువైతే ఆగుతుందో చూడాలి, ఇంకా మనుషులు కావాలి, బరువైన మనుషులు!" అని అరిచాడు. ఊళ్లో ఉపవాసం చేయని బరువైన మనుషులు ఎవరో అందరికీ తెలుసు. మంచె మీద అందరూ యేసుపాదం మామ మొహంలోకి చూశారు.

ఆయనే దిగి, బురదలో నడిచి ప్రేమమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే, "నేను తొక్కితే మీ నేల ఫెయిలైద్దిగా?" అంది. "నువ్వు తొక్కకపోతే మేం పైకి పోయేట్టున్నాం, రా తల్లీ" అన్నాడు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, ముఠానంతా వెంటబెట్టుకుని, కాటా మీద కళ్లు మూసుకోకుండా నిలబడి తూగింది. ఒక్కొక్కరే ఎక్కుతుంటే ముల్లు నెమ్మదించింది. ఆఖరున ఆవిడ ఎక్కి నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముల్లు నిలబడిపోయింది. బాజీ ఆవిడకి దణ్ణం పెట్టాడు.

ఇందులో పాస్ ఏదో ఫెయిల్ ఏదో నాకిప్పుడు తెలియడం లేదు. వాగు తగ్గక బాజీ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. తగ్గాక ఈ ఉత్తరం అతనిచేతే పంపుతాను.

రెబ్కా

గుంటూరు
2-10-83

ప్రియమైన అక్కకు,

గౌరవనీయులు అనకుండా రాసినందుకు ముందుగా సంతోషం. నువ్వు పేరుపెట్టి పిలిచే ఉత్తరం కోసం నేను జూన్ నుంచీ కాచుకుని ఉన్నాను.

బాజీ కాగితం చూసి మా ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచారు. నల్లరేగడి ఎంత బలంగా ఎత్తుతుందో తేల్చడానికి మేం ఇక్కడ బొటనవేలంత మట్టిబిళ్లతో కుస్తీ పడతాం. మీరు ఊరితో చేశారు. కాగితంలో "ప్రేమమ్మ ఎక్కిన పిమ్మట చలనం ఆగినది" అని ఉంది. ఆయన దాన్ని కొట్టివేయనివ్వలేదు.

ఇప్పుడు నాకు తెలిసింది నీకు చెప్పనీ. మన రేగడి వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మీద ఉన్నది తేలికైతే ఎత్తుతుంది. గోడను ఒక మూల ఎత్తి, ఇంకో మూల వదిలేస్తుంది. మన బడి కుంగి పడలేదక్కా, ఏటా లేపి దింపితే పడింది. ఆ బ్యారన్ గోడ కూడా అంతే.

దీనికి మందు ఉంది. నేలలో రెండు నిలువుల లోతు సన్నటి గుంటలు తీసి, అడుగున కుండలా వెడల్పు చేసి, ఇనపచువ్వలు దింపి కాంక్రీటు పోస్తారు. అంత లోతులో మట్టికి వానా తెలియదు, ఎండా తెలియదు. ఆ స్తంభాల మీద దూలం వేసి, దూలానికీ నేలకీ మధ్య సందు వదిలి గోడ కడతారు. పైన మట్టి ఎంత ఎగిరినా గోడని తాకదు.

రిపోర్టు నేనే రాశాను. "మామూలు పునాదికి ఈ నేల పనికిరాదు. బడి ఇక్కడే కట్టవలెను" అని రాశాను. మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ సంబంధం ఏమిటని ఇంజనీరుగారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా బాజీ ముందుకొచ్చి, "సార్, ఆ వాగు నేను దాటాను" అన్నాడు. స్తంభాల సంగతి కింద చేర్చి ఆయన సంతకం పెట్టారు.

గుంటలు తవ్వే పని ఊరు చేస్తే మిషను ఆఫీసు ఒప్పుకుంటుందట. ఈసారి అందరూ కడుపునిండా తిని తవ్వండి. గుంటల్లో గరప పోస్తే మాత్రం నేనే వచ్చి తోడిస్తాను.

నీ తమ్ముడు
ప్రేమదాసు

గోగులపాలెం
11-9-84

ఒరేయ్ ప్రేమదాసూ,

బడి తెరిచిన రోజున నువ్వు సెలవు దొరకలేదన్నావు. కోపం లేదు గానీ, నీ వాటా లడ్డూ మేక తిన్నది. అదే మేక. కొత్త గోడ చుట్టూ తిరిగి తిరిగి, తల దూర్చడానికి సందు దొరక్క గుమ్మంలోంచి వచ్చింది.

మెట్ల సంగతి నీకు చెప్పక తప్పదు. మెట్లకి కూడా స్తంభాలేంటి, దండగ అని యేసుపాదం మామ నేల మీదే కట్టించేశాడు. వానలు మొదలైన దగ్గర్నుంచీ అవి లేస్తున్నాయి. పైమెట్టు గడపను దాటిపోయింది. ఇప్పుడు మేం ఎక్కి ఎక్కి బళ్లోకి దిగుతున్నాం. సాయంత్రాలు పని నుంచి వస్తూ ప్రేమమ్మ ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని పోతోంది. అణిచిపెడుతున్నానని అందరికీ చెబుతోంది. యేసుపాదం మామ ఆవిడకి మంచినీళ్లు తెచ్చిస్తున్నాడు.

నిన్న పెద్ద వాన. పొద్దున్నే వాగు పొంగి రోడ్డుకి రాకపోకలు ఆగిపోయాయి. నేను హాజరు పిలిస్తే పాలెం పిల్లలందరూ పలికారు. ఒక్కరికీ వాగులో కాలు పెట్టే పని లేకపోయింది, తడిస్తే వానకి తల తడిసిందంతే. మూడో తరగతికి భాగహారం మొదలుపెట్టాను. బయట ఉరుములు, కప్పు మీద ఒకటే హోరు. గొంతు చించుకుని చెబుతున్నాను. లెక్క అయిపోయి, పలకలు దిద్ది, సుద్దముక్క పెట్టెలో పెడుతుంటే గుర్తొచ్చిందిరా. ఇంత వానలో నేను ఒక్కసారి కూడా గోడ వంక చూడలేదు.

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పిల్లలు భాగహారం తప్పు చేశామనుకున్నారు.

దసరా సెలవులకి తప్పకుండా రా. మెట్లు చూసుకుని ఎక్కు.

మీ అక్క
రెబ్కా